మా ఇంటి ఉత్తర దిక్కు

నాన్న ఆకాశాన్ని చేతులతో వెతికేవాడు.

జహీరాబాద్‌లో మా డాబా మీద, నీళ్ల ట్యాంకు పక్కన నిలబడి, కుడిచేతిలో యాంటెన్నా, మెడలో వేలాడే చిన్న రేడియోతో ఉపగ్రహం కోసం ఎదురుచూసేవాడు. ఆ యాంటెన్నా బజారులో కొన్నది కాదు. మేస్త్రీలు కొలతలకు వాడే స్టీలు టేపును ముక్కలు చేసి, ప్లాస్టిక్ పైపు మీద అడ్డంగా బిగించి తనే తయారు చేసుకున్నాడు. దూరం నుంచి చూస్తే పెద్ద చేప ముల్లులా ఉండేది. హైవే మీద పోయే బస్సుల్లోంచి జనం తలలు బయటపెట్టి చూసేవాళ్లు. పక్కింటి పెద్దమ్మ ప్రతిసారీ కిందినుంచి కేకేసేది.

"ఏందయ్యా, టీవీ వస్తలేదా?"

"టీవీ వస్తది పెద్దమ్మా. నేనే పోతున్న, మీదికి!"

నేను కాగితం పట్టుకుని పక్కన నిలబడేదాన్ని. ఏ ఉపగ్రహం ఎటు లేస్తుందో, ఎంత ఎత్తుకు వెళ్తుందో, ఎటు దిగుతుందో నాన్న ముందే లెక్కవేసి రాసి ఇచ్చేవాడు. దాన్ని చూసి నేను చెబుతుంటే ఆయన యాంటెన్నా తిప్పాలి. కానీ తిప్పేవాడు కాదు.

"నాయినా, అది ఇంక జర ముందుకు పోయింది."

"ఆగు బిడ్డా. ఇక్కడనే ఉంది. గొంతు సాఫ్‌గ వస్తుంది."

కాగితం ఒకవైపు చూపితే నాన్న చేయి ఇంకోవైపు ఉండేది. నవ్వుకునేదాన్ని. చిన్నపిల్లను, ఆయన చేతిదే సరైన దిక్కు అనుకునేదాన్ని.

నేను బడికి పోయి చదువుకున్నదాన్ని కాను. చిన్నప్పుడు ఉబ్బసం. చెరుకు బండ్లు, లారీలు లేపే దుమ్ములో బడిదాకా నడిచి వెళ్లివస్తే ఆ రాత్రంతా అమ్మ నా వీపు రాస్తూ కూర్చోవలసి వచ్చేది. చివరికి నాన్న తానే పలకా బలపం పట్టుకున్నాడు. అమ్మ బైబిల్ వాక్యం చదివించి తెలుగు నేర్పింది. ట్రాక్టర్ల ఫ్యాక్టరీలో కరెంటు పని చేసే నాన్న, డ్యూటీ దిగి వచ్చి లెక్కలూ ఇంగ్లీషూ చెప్పేవాడు. మా ఇంట్లో ఉన్న ఇంగ్లీషు పుస్తకాలన్నీ రేడియో సెట్ల వెంట వచ్చినవే. అందుకే నాకు యాపిల్ కంటే ముందు యాంటెన్నా వచ్చింది. కోణాలు నేర్చుకున్నది డాబా మీద. భూగోళం నేర్చుకున్నది ఉపగ్రహాలు పోయే దారుల వెంట. ఇప్పుడు వెనక్కి తిరిగి చూసుకుంటే, ఆ ఉబ్బసానికి కూడా దేవునికి స్తోత్రం చెప్పుకోవాలనిపిస్తుంది.

అలా నేర్చుకున్నదే ఇప్పుడు నలుగురికి అక్కరకొస్తోంది. లైసెన్సు పరీక్ష రాసి, సరదా కోసం రేడియో నడిపేవాళ్లు దేశమంతా ఉన్నారు. ఇప్పుడు వాళ్లలో చాలామంది యాంటెన్నా చేత్తో పట్టుకోవడం లేదు. కంప్యూటర్లో ఒక ప్రోగ్రాం ఉపగ్రహం ఎక్కడుందో లెక్కగడుతూ ఉంటుంది. అది కంట్రోలు పెట్టెకు చెబితే, ఆ పెట్టె డాబా మీది మోటార్లను తిప్పుతుంది. మోటార్లతో పాటు యాంటెన్నా తిరుగుతుంది. అదే ప్రోగ్రాం రేడియోకు కూడా మాట చెబుతూ ఉండాలి. హైవే మీద లారీ మనవైపు వచ్చేటప్పుడు హారన్ ఒక రకంగా, దాటిపోయాక ఇంకో రకంగా వినిపిస్తుంది కదా, ఉపగ్రహం మీదుగా వచ్చే గొంతు కూడా అలాగే జారిపోతూ ఉంటుంది. ఆ జారుడుకు తగ్గట్టు రేడియోను సవరిస్తూ పోవాలి. ఇన్ని వైర్లలో ఇన్ని మాటలు నడుస్తుంటే ఎక్కడో ఒకచోట ఒకరిది ఒకరికి వినబడదు. అప్పుడు నాకు ఫోన్ చేస్తారు.

ఒకాయన తన ఊరి రేఖాంశం వేసేటప్పుడు తూర్పుకు బదులు పడమర అని పెట్టాడు. పాపం, ఆయన యాంటెన్నా చాలాకాలం సముద్రాల అవతలి వాళ్ల ఉపగ్రహాలకు నమస్కారం పెడుతూ ఉండిపోయింది. ఇంకొకాయన సిద్దిపేట వైపు నుంచి ఫోన్ చేశాడు.

"మేడం, కొబ్బరికాయ కొట్టినం, నిమ్మకాయ గూడ కట్టినం. అయినా తిరుగుతలేదు."

"నిమ్మకాయ ఉండనీయండి అన్నా. పెట్టె వెనక ఫ్యూజు ఉంటది, ఒకసారి చూడండి."

ఫోన్ ఎత్తే ముందు కళ్లు మూసుకుని ఒక్క మాట అనుకోవడం నాకు అలవాటు. 'ప్రభువా, వీళ్లు చెప్పేది ఓపికగా వినే మనసివ్వు.' సగం జబ్బులు అవతలివాళ్లు చెప్పే మాటల్లోనే బయటపడతాయి. నాకు తెలిసిన వైద్యం అంతే.

నాన్నకు ఆకాశంలో ఒక దోస్తు ఉన్నాడు. ఫ్యాక్టరీలో పక్కపక్కనే పనిచేసి, రిటైరయ్యాక ఉత్తరాన కొండల్లో ఉన్న తన సొంతూరికి వెళ్లిపోయాడు. రేడియో పిచ్చి ఇద్దరికీ ఒకేసారి పట్టింది. ఆదివారం ఆరాధన ముగించుకుని వచ్చి, అన్నం తిని, ఇద్దరూ ఒకే ఉపగ్రహం కింద నిలబడేవాళ్లు. అది ఇక్కడినుంచి అక్కడికి మాట మోసేది, ఆకాశంలో ఉన్న పది పన్నెండు నిమిషాలు.

ఫోన్‌లో మాట్లాడుకోవచ్చు కదా అని అందరూ అడుగుతారు. మాట్లాడుకుంటారు.

"ఖైరియత్?"

"ఖైరియత్."

"ఘర్ మే సబ్?"

"సబ్ ఠీక్."

అంతే, పెట్టేస్తారు. అదే ఉపగ్రహం మీదైతే మోకాళ్ల నొప్పుల నుంచి కొండల్లో పడిన వడగళ్ల దాకా, ఫ్యాక్టరీ క్యాంటీన్ పప్పులో ఉప్పు దాకా అన్నీ వచ్చేవి. ఆ దోస్తు మా తెలుగును క్యాంటీన్లోనే నేర్చుకున్నాడు. పైనుంచి ఆ తెలుగు దిగివస్తుంటే అమ్మ కూడా పని ఆపి వినేది.

"భాయ్! నీకు అన్నం తిన్నది?"

"తిన్న భాయ్. అది నన్ను తినలే ఇంక!"

కొంతకాలం కిందట నాన్న చేతులు వణకడం మొదలైంది. ముందు చాయ్ సాసర్లో ఒలికేది. తరువాత చొక్కా గుండీలు. ఆ తరువాత యాంటెన్నా. సంగారెడ్డి దవాఖానలో డాక్టరు గోళీలు రాసిచ్చి, పూర్తిగా తగ్గేది కాదని నెమ్మదిగా చెప్పాడు. యాంటెన్నా వణికితే దోస్తు గొంతు నీళ్లలో మునిగి తేలినట్టు వచ్చేది. మైకు బటన్ మీద బొటనవేలు నిలవక నాన్న మాట ముక్కలుముక్కలుగా పోయేది. ఒక ఆదివారం యాంటెన్నా ట్యాంకుకు తగిలి టేపు ముక్క ఒకటి వంగిపోయింది. దాన్ని మెల్లగా ట్యాంకు వెనక ఆనించి కిందికి దిగాడు. మళ్లీ ఎక్కలేదు.

పెళ్లయ్యాక నేను రెండు వీధుల అవతలే ఉంటున్నాను. సంగతి తెలిసి పరుగెత్తుకొచ్చాను.

"నేను పట్టుకుంట నాయినా. నువ్వు మాట్లాడు."

"నువ్వు పట్టుకుంటవ్, నువ్వే తిప్పుతవ్, నువ్వే బటన్ ఒత్తుతవ్. ఇగ నేనెందుకు బిడ్డా, ఫోటోకా?"

అందుకే మోటార్ల మాట ఎత్తాను. నేను ఒకప్పుడు సాయం చేసిన హైదరాబాద్ ఆయన, తనకు అక్కర్లేని పాత మోటార్లనూ, కంట్రోలు పెట్టెనూ పంపించాడు. దేవుడు ఎవరి చేతుల మీదుగా ఏది ఇస్తాడో చెప్పలేం. ఈసారి కంపెనీ యాంటెన్నా ఒకటి కొని తెచ్చి ట్యాంకు పక్కన ఇనుప గొట్టం మీద బిగించాను. రేడియోను కింద ముందుగదిలో బల్ల మీద పెట్టాను. మైకు బటన్‌కు బదులు కాలికింద తొక్కే స్విచ్చు తయారు చేశాను. నాన్న దాని మీద కాలు పెట్టి, ఎత్తి, మళ్లీ పెట్టి సాధన చేస్తుంటే అమ్మ గుమ్మంలోంచి చూసి నవ్వింది.

"కుట్టు మిషన్ తొక్కుతున్నవా? నా జాకెట్లు రెండున్నయ్, జర కుట్టు."

"రేడియోల నుంచి కుట్టి పంపుత, ఆగు."

ఆయన నవ్వడం చూసి ఎన్ని రోజులైందో అప్పుడు గుర్తొచ్చింది నాకు.

ఇక మోటార్లకు ఉత్తరం ఎటుందో చూపించాలి. పెట్టెలో సున్నా అంటే యాంటెన్నా ఉత్తరానికి చూస్తూ ఉండాలి. మిగతా దిక్కులన్నీ దాన్నిబట్టి అదే చూసుకుంటుంది. కుర్చీలో కూర్చునే నాన్న చెప్పాడు.

"గోడ పట్టి పెట్టెయ్ బిడ్డా. మన ఇల్లు సీదా ఉత్తరం."

అది మా ఇంట్లో ఎవరూ రెండోసారి అడగని సంగతి. మాది ప్రార్థన చేసి పునాది వేసుకున్న ఇల్లు. అయినా మేస్త్రీ మాత్రం వాస్తు తప్పితే పార ముట్టనన్నాడట. ఈశాన్యంలో బోరు, ఆగ్నేయంలో వంటిల్లు. ఆ గోడలతోనే మా దిక్కులు పుట్టాయి. చీపురు ఎక్కడుందంటే "పడమటి గోడకు", తాళం ఎక్కడుందంటే "ఉత్తరం కిటికీల" అనేది అమ్మ. నేను అందులోనే పెరిగాను. గోడకు సమానంగానే సున్నా పెట్టేశాను.

తరువాత కొన్ని చిక్కులు వచ్చాయి, తీరాయి. కంప్యూటరూ రేడియో వేర్వేరు వేగాల్లో మాట్లాడుతుంటే ఒకే వేగానికి తెచ్చాను. కంప్యూటర్ గడియారం వెనకబడి ఉంటే సరిచేశాను. ఉపగ్రహాల దారుల లెక్కలు పాతవైతే ఇంటర్నెట్ నుంచి కొత్తవి దించాను. ఆదివారం వచ్చింది. నాన్న ఇస్త్రీ చొక్కా వేసుకుని బల్ల ముందు కూర్చున్నాడు. డాబా మీద యాంటెన్నా తనంతట తాను ఎంతో గంభీరంగా తిరిగింది.

స్పీకర్లో బుస్సుమనే చప్పుడు తప్ప ఏమీ లేదు. ఒక్కసారి, ఎక్కడో చాలా లోతులో, "భా..." అని వినిపించి మునిగిపోయింది. నాన్న కాలు నొక్కి పిలిచాడు. ఆగి విన్నాడు. మళ్లీ పిలిచాడు. ఉపగ్రహం దిగిపోయేదాకా పిలుస్తూనే ఉన్నాడు. తరువాత కాలు తీసి చెప్పులు వేసుకున్నాడు.

"మంచిగనే తిరిగింది బిడ్డా," అన్నాడు నన్ను ఓదారుస్తున్నట్టు.

మర్నాడు అమ్మ నన్ను వంటింట్లోకి పిలిచింది. అల్లం పొట్టు గీకుతూ, తల ఎత్తకుండా చెప్పింది.

"నీకు చెప్పొద్దన్నడు. హైదరాబాద్ కాలేజీల ఒక సారు ఉన్నడు గద, పిల్లలతోని రేడియో నడిపిస్తడు, ఆయనకు ఫోన్ జేసిండు. సెట్టు, మోటర్లు, అన్నీ తీసుకపొమ్మన్నడు. వచ్చే సోమవారం బండి తెస్తరంట."

గుమ్మంలోంచి ముందుగదిలోని సెట్టు వైపు చూశాను.

"పొద్దంత కుర్సీల కూసుంటుండు. ఆ సెట్టు గూడ పోతే ఇగ ఎవరితోని మాట్లాడుతడు ఈ మనిషి? నాతోనా? నాతోని ఎన్నడు మాట్లాడిండు!"

ఆమె నవ్వబోయింది కానీ నవ్వు రాలేదు.

మధ్యలో ఇక ఒక్క ఆదివారమే ఉంది. ఆ వారమంతా ప్రార్థనలో ఒకటే అడిగాను. యంత్రం పనిచేయాలని కాదు. నాన్న దాన్ని ఇచ్చేస్తే ఇష్టంతో ఇవ్వాలి, ఓడిపోయి ఇవ్వకూడదు అని. పగలు పిల్లలను బడికి పంపి వచ్చి, కేబుళ్లన్నీ విప్పి మళ్లీ కట్టాను. కనెక్టర్లు తుడిచాను. ప్రోగ్రాం తీసేసి మళ్లీ వేశాను. అన్నీ బాగానే ఉన్నాయి. అన్నీ బాగానే ఉండి పనిచేయకపోవడమే అన్నిటికంటే కష్టమైన జబ్బు.

శనివారం మధ్యాహ్నం కర్నూలు వైపు నుంచి ఒక సారు ఫోన్ చేశాడు. ఆయనదీ అదే బాధ. మోటార్లు తిరుగుతున్నాయి, రేడియో మాట వింటోంది, గొంతు మాత్రం రావడం లేదు.

అందరినీ అడిగే ప్రశ్నే ఆయన్నీ అడిగాను. "ఉత్తరం ఎట్లా పెట్టారు సార్?"

"మా ఇల్లు ఉత్తరానికి కరెక్టుగా ఉండాది మేడమ్. వాస్తు చూపిచ్చి కట్టిచ్చినాం. గోడకు సమానంగా పెట్టినా."

"ఇంటిని నమ్మకండి సార్, ఎండను నమ్మండి. ప్రోగ్రాంలో ఉపగ్రహానికి బదులు సూర్యుడిని ఎంచుకోండి. యాంటెన్నా సూర్యుడి వైపు తిరుగుతుంది. సరిగ్గా తిరిగితే దాని నడిమి కర్ర నీడ ముడుచుకుపోయి చుక్కంత అవుతుంది. నీడ పొడుగ్గా పడిందంటే మీ ఉత్తరం..."

అక్కడ ఆగిపోయాను.

"మేడమ్? లైన్లో ఉండారా?"

"ఉన్నాను సార్. మీ ఉత్తరం తప్పు. మాది కూడా."

ఆయనకు ఏం అర్థమైందో నాకు తెలియదు. చెప్పులు కూడా సరిగా వేసుకోకుండా అమ్మవాళ్లింటికి వెళ్లి, కంప్యూటర్లో సూర్యుడిని పెట్టి, డాబా ఎక్కాను. మోటార్లు మూలుగుతూ తిరిగి ఆగాయి. యాంటెన్నా నడిమి కర్ర నీడ ట్యాంకు మీద బారుగా పడి ఉంది. సూర్యుడు ఒకచోట ఉంటే, యాంటెన్నా ఆయన పక్కింటాయనతో మాట్లాడుతున్నట్టు ఇంకెటో చూస్తోంది.

మెట్ల మీద అడుగుల చప్పుడైంది. నాన్న. ఒక చేత్తో గోడ పట్టుకుని, ఒక్కో మెట్టూ ఎక్కి వచ్చాడు. టేపు వంగిన రోజు తరువాత ఆయన డాబా మీదికి రావడం అదే మొదలు.

"ఎండల ఏం జేస్తున్నవ్ బిడ్డా?"

"కోప్పడకు నాయినా. మన ఇంటి ఉత్తరం తప్పు."

"ఏందీ?"

"రోడ్డు ఎటు మర్లితే ప్లాటు అటు మర్లింది. ప్లాటు ఎటుంటే ఇల్లు అటు కట్టిన్రు. మేస్త్రీ దాన్నే ఉత్తరం అన్నడు."

"ఆ మేస్త్రీ వాస్తు తప్పి ఇటుక పెట్టెటోడు కాదు!"

అమ్మ కూడా వెనకే ఎక్కి వచ్చింది. "ఆ మేస్త్రీ పొద్దుగాల్నే తాగి వచ్చెటోడు. నేను అప్పుడే చెప్పిన."

"నువ్వెప్పుడు చెప్పినవే?"

"అబ్బో, నేను చెప్పిన ప్రతిదీ నువ్వు విన్నట్టే!"

"ఆగ్నేయంల వంటిల్లు అని ఊరందరికీ చెప్పుకుంటి గద ఇన్నేండ్లు..."

"వంటిల్లు యాడుంటేంది, వండెటిది నేనే గద."

నాన్న ఆ మాట వినలేదు. ట్యాంకు మీది నీడనే చూస్తున్నాడు. సూర్యుడితో వాదించడం ఆయనకు తెలియదు, కరెంటు పని చేసిన మనిషి. నెమ్మదిగా అడిగాడు.

"మరి నేను చేతుల పట్టుకున్నప్పుడు ఎట్ల దొరికింది?"

నాకు ఆ పాత కాగితాలు గుర్తొచ్చాయి. నేను ఒకవైపు చెబితే ఆయన ఇంకోవైపు ఆగిపోవడం, "గొంతు సాఫ్‌గ వస్తుంది" అనడం.

"మనం గోడను చూసి మొదలుపెట్టెటోళ్లం. నీ చెయ్యి గోడను ఇడిసిపెట్టి గొంతు దిక్కు పోయేది నాయినా. తప్పు ఉన్నట్టు మనకు తెల్వనే తెల్వలే."

ఆయన తన చేతులను చూసుకున్నాడు. అవి అప్పుడు కూడా వణుకుతూనే ఉన్నాయి. చాలా రోజుల తరువాత వాటిని కోపం లేకుండా చూశాడని నాకనిపించింది.

"స్పానర్ తే," అన్నాడు.

ప్రోగ్రాంలో ఒక అంకె మార్చినా సరిపోయేది. ఆ మాట చెప్పాను. ఒప్పుకోలేదు. "తప్పు యాడుంటే ఆడనే సక్కజెయ్యాలె." నేను బోల్టులు వదులు చేశాను. అమ్మ కొంగు నడుముకు చుట్టి ఇనుప గొట్టం పట్టుకుంది. నాన్న నీడ దగ్గర వంగి నిలబడి చెబుతూ వచ్చాడు.

"ఇంక. ఇంక జర. బీదర్ దిక్కు... అరే, ఎక్కువైంది. ఎనకకు. ఆగు, ఆగు... బిగియ్!"

నీడ నాణెమంత చుక్కగా ముడుచుకుపోయింది.

ఆ సాయంత్రం నాన్న దోస్తుకు ఫోన్ చేశాడు. "ఖైరియత్? కల్ ఆనా." రేపు రమ్మనడం, అంతే. అవతల కొంచెం తటపటాయించిన తరువాత, వస్తానన్నాడు.

ఆదివారం నాన్న చొక్కా ఇస్త్రీ అడగలేదు. ఇంట్లో వేసుకునే బనీను మీదే బల్ల ముందు కూర్చున్నాడు. ఆశ పెట్టుకోలేదని మాకు చూపించడానికి కాబోలు. నేను ముందే ఒక మాట చెప్పాను. ఈ రోజు ఉపగ్రహం తూర్పు మీదుగా వచ్చి ఉత్తరం దాటి దిగుతుంది. వైర్లు మెలిపడకుండా మోటారుకు ఉత్తరం దగ్గర ఒక అడ్డు ఉంటుంది, దాన్ని దాటలేక యాంటెన్నా వెనక్కి మొత్తం చుట్టు తిరిగి రావాలి, మధ్యలో కాసేపు గొంతు పోతుంది అని. ఆయన తల ఊపాడు కానీ మనసు అక్కడ లేదు.

మోటార్లు కదిలాయి. స్పీకర్లో అదే బుస. కంప్యూటర్ రేడియోను కొంచెం కొంచెంగా జరుపుతోంది. నేను కళ్లు మూసుకున్నాను.

"భాయ్! నీకు అన్నం తిన్నది?"

గదిలో పక్కన కూర్చుని అడిగినంత సాఫ్‌గా వచ్చింది. నాన్న కాలు స్విచ్చు మీదికి పోయింది. గొంతు సవరించుకున్నాడు.

"తిన్న భాయ్. ఓవర్."

"ఏమైంది నీకు? రోజులు రోజులు యాడ పోయినవ్? ఓవర్."

ఫోన్‌లో ఎన్నిసార్లు ఖైరియత్ అడిగినా చెప్పని మాట నాన్న అప్పుడు చెప్పాడు.

"భాయ్, నా చేతులు వణుకుతున్నయ్. యాంటెన్నా పట్టుకునుడు అయితలేదు. నా బిడ్డ మోటర్లు పెట్టింది. బటన్ గూడ ఒత్తుతలేను. కాలుతోని మాట్లాడుతున్న నీతోని. ఓవర్."

అమ్మ గుమ్మంలో కదలకుండా నిలబడింది.

"కాలుతోనా?" స్పీకర్లోంచి నవ్వు వినిపించింది. "ఫ్యాక్టరీల గూడ నువ్వు పని కాలుతోనే చేసినవ్ గద భాయ్! సునో, నీకు ఒక బాత్ చెప్పాలి నేను. నాకు గూడ..."

గొంతు తెగిపోయింది. డాబా మీద మోటారు పెద్దగా మూలుగుతూ వెనక్కి తిరగడం మొదలుపెట్టింది.

"పోయింది," అన్నాడు నాన్న. కాలు తీసేశాడు. కుర్చీ చేతులు పట్టుకుని లేవబోయాడు.

"పోలే నాయినా. చుట్టు తిరిగి వస్తుంది. కూసో."

"ఏమో చెప్తుండె వాడు. ఏమో చెప్తుండె..."

"కూసోవయ్యా," అంది అమ్మ. వచ్చి ఆయన వెనక నిలబడి, కుర్చీ వీపు మీద చేతులు వేసింది.

అంత పెద్ద చుట్టు నా జీవితంలో ఇంకెప్పుడూ చూడలేదు. యాంటెన్నా తూర్పు దాటి, దక్షిణం దాటి, పడమర వచ్చి... మా ముగ్గురి తలలూ పైకప్పు వైపే ఉన్నాయి, కప్పులోంచి కనబడుతుందన్నట్టు. నేను స్తోత్రం కూడా చెప్పలేదు, అడగనూ లేదు. ఊరికే విన్నాను.

"...వినబడ్డదా భాయ్? మల్ల చెప్త. నాకు కన్ను పోయింది. ఒకటి మొత్తం, ఇంకోటి సగం. డయల్ కనబడదు. మనుమరాలు కంప్యూటర్ పెట్టింది నాకు. నీకు చెప్పలే. చెప్తే నువ్వు బంద్ చేస్తవ్ అనుకున్న. ఓవర్."

నాన్న స్విచ్చు మీద కాలు పెట్టాడు. ఆయన గడ్డం వణుకుతోంది, చేతుల వణుకు కాదది.

"వినబడ్డది భాయ్. మంచిగ వినబడ్డది. నీ కన్ను, నా చెయ్యి, రెండూ పోయినా ఇద్దరికి కలిపి ఒక మనిషి ఇంక మిగిలే ఉన్నడు. మనుమరాలికి నా దీవెనలు చెప్పు. ఓవర్."

ఉపగ్రహం దిగిపోయేదాకా మాట్లాడుకున్నారు. మందుల పేర్లు చెప్పుకున్నారు, ఎవరి డాక్టరు మంచివాడో వాదించుకున్నారు, క్యాంటీన్ పప్పు దాకా వచ్చేసరికి గొంతు పలచబడి పోయింది. అయినా నాన్న వెంటనే లేవలేదు. బుసనే వింటూ కూర్చున్నాడు. నేను కంప్యూటర్ ముందు తల వంచుకుని, పేర్లు తెలియని ఎందరికో, మోటార్లు ఇచ్చినాయనకూ, ఫోన్ చేసిన కర్నూలు సారుకూ, కొండల్లో ఉన్న ఆ మనుమరాలికీ మనసులోనే దండం పెట్టుకున్నాను.

చాయ్ తాగాక నాన్న ఫోన్ తెమ్మన్నాడు. కాలేజీ సారుకు తనే కలిపాడు.

"సార్, రేపు రాండ్రి. తప్పకుండ రాండ్రి. కానీ సెట్టు ఇయ్యను సార్, మాఫ్ జేయండ్రి... ఆ, మనసు మారింది. పిల్లలను తీసుకరాండ్రి. అన్నీ చూపెడత. మా బిడ్డ చెప్తది, నేను చెప్త. ఉత్తరం ఎట్ల పెట్టాల్నో అది ముందుగాల నేర్పిస్త."

ఫోన్ పెట్టగానే అమ్మ అందుకుంది.

"ఎంతమంది వస్తరు పిల్లలు?"

"అడగలే."

"అడగలేదా? మరి బియ్యం ఎన్ని పొయ్యాలె నేను? వచ్చినోళ్లు నీ రేడియో తిని పోతరా?"

నాన్న నావైపు చూశాడు. ఆయన వణికే రెండు చేతులతో ఫోన్ మళ్లీ అందుకుని, ఆ నంబరే మళ్లీ నొక్కడం మొదలుపెట్టాడు.